గ్రాము గ్రాముకీ లెక్క



మా అమ్మాయి, మా నాన్నగారు కలిసి పద్నాలుగు నెలల పాటు ఒక విమానం కట్టారు. చేతిలో రేడియో పట్టుకుని నేల మీద నుంచి నడిపే విమానం. మనుషులెక్కేది కాదు గానీ బొమ్మంత చిన్నదీ కాదు. రెక్కలు ఈ కొస నుంచి ఆ కొసకి 2.4 మీటర్లు, ముక్కు నుంచి తోక దాకా 1.75 మీటర్లు, బరువు ఆరున్నర కిలోల పైమాటే. కిట్టు తెచ్చి అతికించింది కాదు. తెల్ల కాగితం మీద మొదటి గీత నుంచి నేల వదిలి లేచేదాకా అంతా ఇంట్లోనే జరిగింది.

దీన్ని చూసినవాళ్లంతా మూడు ప్రశ్నలు అడుగుతారు. ఎంతయింది? ఎగిరిందా? చదువు పాడవలేదా? మూడింటికీ జవాబు చెబుతాను. అంతకుముందు ఇంట్లో ఏం జరిగిందో చెప్పాలి. నేను బ్యాంకులో లెక్కలు చూసే మనిషిని, విమానాల గురించి ఏమీ తెలియదు. ఈ పనిలో నా వంతుకి వచ్చింది ఒక పద్దు పుస్తకం. ఆ పుస్తకం వల్లే ఈ వ్యాసం రాయగలుగుతున్నాను.

పెద్దదే ఎందుకు?

మా అమ్మాయి ఎనిమిదో తరగతిలో ఉండగా మీటరు రెక్కల ఫోమ్ విమానం ఒకటి కొనిచ్చాం. దానికి ముందు కంప్యూటర్‌లో సిమ్యులేటర్ మీద మూడు నెలలు సాధన చేసింది. ఫోమ్ విమానం నాలుగైదు సార్లు పడింది, అతికించుకుంది, మళ్లీ ఎగరేసింది. ఒకరోజు, "అమ్మా, ఇది ఎందుకు ఎగురుతుందో నాకు తెలీదు. వాళ్లు చేశారు, నేను ఎగరేస్తున్నా, అంతే" అంది. తనే గీసి తనే కట్టాలన్న కోరిక అక్కడ పుట్టింది.

పెద్దది కట్టడానికి కారణం ఉంది. చిన్న విమానాన్ని కాస్త గాలి వీచినా విసిరేస్తుంది. వంద మీటర్లు దాటితే అది వస్తోందో పోతోందో కంటికి తెలియదు. పెద్దది నిదానంగా, నిలకడగా ఎగురుతుంది, దూరానికీ కనిపిస్తుంది. కాకపోతే పెద్దదానికి క్షమాగుణం తక్కువ. ఆరు కిలోల వస్తువు గంటకి అరవై కిలోమీటర్ల వేగంతో వెళ్తుంటే అది ఆటవస్తువు కాదు. ఆ మాట మొదటిరోజే మావారు గట్టిగా చెప్పారు.

ఇక మా నాన్నగారు. ఆర్టీసీ డిపో గ్యారేజీలో ముప్పయ్యేళ్లు పనిచేసి రిటైరయ్యారు. రంపం, బాడిస, చిత్రిక ఏది పట్టుకున్నా చేతికి అతుక్కుపోతుంది. రిటైరైన తర్వాత ఆ చేతులకి పని లేకపోవడమే ఆయనకి పెద్ద జబ్బు. మనవరాలు కాగితం తెచ్చి ముందు పెట్టగానే కళ్లజోడు తుడుచుకున్నారు.

ముందు కాగితం మీద ఎగరాలి

నెల రోజులు ఇద్దరూ కర్ర ముట్టుకోలేదు. అన్నీ లెక్కలే. మనం స్కూల్లో చదివి మరిచిపోయిన లెక్కలే అవి.

రెక్క పొడవు 2.4 మీటర్లు, వెడల్పు 40 సెంటీమీటర్లు అనుకున్నారు. అంటే వైశాల్యం 0.96 చదరపు మీటర్లు. బరువు ఆరున్నర కిలోలైతే చదరపు మీటరుకి దాదాపు 6.8 కిలోల భారం. రెక్క ఎత్తే బలం వేగపు వర్గాన్ని బట్టి ఉంటుంది. వేగం సగమైతే ఎత్తే శక్తి నాలుగో వంతుకి పడిపోతుంది. ఆ సూత్రంలో తన అంకెలు వేసుకుని, గంటకి సుమారు 35 కిలోమీటర్ల కన్నా నెమ్మదిస్తే ఈ విమానం గాల్లో నిలవదని మా అమ్మాయి తేల్చింది. ఆ అంకెని పెద్దగా రాసి గోడకి అంటించింది.

రెక్క అడ్డుకోత ఆకారానికి క్లార్క్ వై అనే పాత నమూనా తీసుకున్నారు. 1922లో వర్జీనియస్ క్లార్క్ అనే అమెరికన్ రూపొందించింది. దాని అడుగుభాగం చాలావరకు చదును. అందుకని బల్ల మీద పరిచి వంకర లేకుండా కట్టుకోవచ్చు. రెక్క మొదలు నుంచి చివరి దాకా ఒకే వెడల్పు ఉంచారు. చివర సన్నబడితే చూడ్డానికి బాగుంటుంది గానీ ఒక్కో పక్కటెముక ఒక్కో కొలత అవుతుంది. ఒకే వెడల్పు ఉంచితే ముప్పైరెండు పక్కటెముకలూ ఒకే అచ్చు. పైగా ఇలాంటి రెక్క వేగం తగ్గినప్పుడు ముందు మొదట్లో పట్టు వదులుతుంది, కొసలు ఇంకాసేపు పనిచేస్తాయి. విమానం ఒక పక్కకి ఒరిగి తిరగబడకుండా నెమ్మదిగా ముక్కు దించుతుంది. నేర్చుకునేవాళ్లకి అదే కావాలి.

అడ్డంగా ఉండే తోక వైశాల్యం రెక్కలో ఐదో వంతు. బరువు మధ్యబిందువు రెక్క ముందంచు నుంచి 11.5 సెంటీమీటర్ల వెనక, అంటే వెడల్పులో 29 శాతం దగ్గర. కిలో బరువుకి 200 వాట్ల చొప్పున 1,300 వాట్ల మోటారు. 22 వోల్టుల బ్యాటరీ మీద అది నిండుగా తిరిగితే 60 ఆంపియర్లు లాగుతుంది. పెట్టేది 5,000 మిల్లీ ఆంపియర్ అవర్ల బ్యాటరీ కాబట్టి పూర్తి వేగంతో ఐదు నిమిషాలే వస్తుంది. సగం శక్తితో తిరిగినా టైమరు ఆరు నిమిషాలకి పెట్టుకోవాలి.

ఈ లెక్కల మధ్యలో మా అమ్మాయి తాతయ్యకి రైట్ సోదరుల కథ చదివి వినిపించింది. వాళ్ల సైకిల్ షాపు సంగతి విని ఆయన, "మన జాతివాళ్లే" అన్నారు. అప్పటిదాకా అచ్చయిన అంకెలు తమ గ్లైడర్‌కి సరిపోకపోవడంతో 1901లో ఆ అన్నదమ్ములు ఆరడుగుల చెక్కపెట్టెలో ఫ్యాను పెట్టి, దాదాపు రెండు వందల చిన్న రెక్కల్ని అందులో పరీక్షించి సొంత అంకెలు తయారుచేసుకున్నారు. ఎగిరింది 1903 డిసెంబర్ 17న. మొదటి ప్రయాణం పన్నెండు సెకన్లు, 120 అడుగులు. ఇంజన్ తయారుచేసింది ఆ షాపులోనే పనిచేసే మెకానిక్ చార్లీ టేలర్. ఆ పేరు మాత్రం మా నాన్నగారు ఇప్పటికీ మరిచిపోలేదు.

బరువు పద్దు

నా పని ఇక్కడ మొదలైంది. ఇంటి బడ్జెట్ వేసినట్టు బరువుకి బడ్జెట్ వేశాం. రెక్కలకి 1,500 గ్రాములు. బాడీకి 1,400. తోకకి 300. చక్రాలకి 500. మోటారు, ప్రొపెల్లరు కలిపి 650. మోటారు వేగాన్ని అదుపుచేసే కంట్రోలరుకి 120. బ్యాటరీకి 750. ఆరు సర్వోలకి 360. రిసీవరు, వైర్లకి 150. పైన అంటించే ఫిల్ముకి 300. జిగురు, స్క్రూలు వగైరాలకి 250. ఇంకో 220 అనుకోని ఖర్చు కింద పక్కన పెట్టాం. మొత్తం 6,500.

వంటింటి ఎలక్ట్రానిక్ తూకం వాళ్ల బల్ల మీదికి వెళ్లిపోయింది. ఏ ముక్క తయారైనా తూచి, తేదీ వేసి, పద్దులో రాసిన తర్వాతే అతికించాలని నియమం పెట్టాను. మొదట్లో విసుక్కున్నారు. రెండు నెలలయ్యాక పద్దు రాయకుండా ముక్క అతికించడానికి తాతామనవరాళ్లిద్దరికీ చెయ్యి రాలేదు.

కర్ర సంగతి చెప్పాలి. ఇలాంటి విమానాలకి వాడేది బాల్సా. దక్షిణ అమెరికాలోని ఈక్వెడార్ నుంచి ఎక్కువగా వస్తుంది. ఘనపు మీటరు బాల్సా సగటున 160 కిలోలు తూగితే, మన టేకు 600 పైనే తూగుతుంది. రెండో ప్రపంచ యుద్ధంలో బ్రిటన్ వాడిన మస్కిటో విమానం గోడలు పల్చటి బర్చ్ ప్లైవుడ్ పొరల మధ్య బాల్సా పెట్టి కట్టినవే. మొదటిసారి బాల్సా పలకని చేతిలోకి తీసుకున్నప్పుడు మా నాన్నగారి ముఖం చూడాలి. "ఇది కర్రేనా? అటుకుల బస్తాలా ఉందేంటి!" అన్నారు.

బాల్సా పలకలన్నీ ఒకే బరువుండవు. ఒకే కొలత ఉన్న రెండు పలకల్లో ఒకటి ఇంకోదానికి రెండింతలు తూగొచ్చు. అందుకని వచ్చిన పలకలన్నీ తూచి, బరువున్నవి బాడీ ముందుభాగానికి, తేలికవి తోకకి అని పెన్సిల్‌తో గుర్తులు పెట్టారు. రెక్క లోపల వెన్నెముకలాంటి స్పార్లు మాత్రం పైన్ కర్రతో చేశారు. కింద ఒక బద్ద, పైన ఒక బద్ద, రెంటి మధ్య నిలువు గీతలు వచ్చేలా బాల్సా గోడ. దాన్ని చూడగానే నాన్నగారు, "ఇది మన బస్సు ఛాసీయే కదా! పైనా కిందా బలం, మధ్యలో పల్చన" అన్నారు. మనవరాలికి పుస్తకంలో రెండు పేజీలు పట్టిన విషయం ఆయనకి అరనిమిషంలో అందింది.

రెక్కని రెండు ముక్కలుగా చేసి 25 మిల్లీమీటర్ల అల్యూమినియం గొట్టంతో కలిపారు. విడదీస్తే కారు వెనక సీటులో పడుతుంది. పెద్ద విమానం కట్టాలనుకునేవాళ్లు ముందు కారు డోరు కొలుచుకోవాలని మావారు సలహా ఇస్తుంటారు. నవ్వకండి, అది నిజంగా పనికొచ్చే సలహా.

తాతయ్య చేసిన తోక

ఏడో నెలలో తోక తయారైంది. తోక పని పూర్తిగా నాన్నగారిదే. అంత అందంగా ఉంది. అంచులు గుండ్రంగా చెక్కి, గరుకు కాగితంతో నాలుగుసార్లు రుద్ది, అతుకు ఎక్కడుందో కనపడకుండా చేశారు. వచ్చినవాళ్లందరికీ చూపించారు.

తూకం మీద పెడితే 390 గ్రాములు. పద్దులో ఉన్నది 300.

తొంభై గ్రాములే కదా అనిపిస్తుంది. కానీ పిల్లలాడే తూగుడు బల్లని గుర్తుతెచ్చుకోండి. మధ్యబిందువు నుంచి తోక 115 సెంటీమీటర్ల వెనక ఉంది. ముందు పక్క జరుపుకోగలిగిన బరువు బ్యాటరీ ఒక్కటే. అది 35 సెంటీమీటర్ల దూరంలోనే ఉంది, ఇంకా ముందుకి జరపడానికి చోటు లేదు. కాబట్టి తోకలో ఒక గ్రాము పెరిగితే ముక్కులో మూడు గ్రాముల పైన సీసం పెట్టాలి. తొంభైకి దాదాపు మూడు వందలు. అంతా కలిపి దగ్గర దగ్గర నాలుగు వందల గ్రాములు ఊరికే మోసుకు తిరగాలి.

ఈ మాట తాతయ్యకి ఎవరు చెప్పాలి? మా అమ్మాయి రెండు రోజులు నలిగిపోయింది. "తాతయ్య బాధపడతారమ్మా. ముక్కులో సీసం పెట్టేద్దామా?" అని నన్నడిగింది. పద్దు చూపించి, "నీ విమానం, నీ లెక్క. నువ్వే చెప్పు" అన్నాను.

మూడో రోజు సాయంత్రం స్కేలు, పెన్సిలు, రూపాయి బిళ్లలు తీసుకుని ఆయన దగ్గర కూర్చుంది. పెన్సిల్ మీద స్కేలు నిలబెట్టి, ఒక చివర ఒక బిళ్ల పెట్టి, రెండోపక్క దగ్గరగా ఎన్ని బిళ్లలు పెడితే సమానమవుతుందో చూపించింది. ఆ తర్వాత తోక బరువు చెప్పింది.

"గట్టిగా ఉంది కదమ్మలూ. లారీ ఎక్కినా విరగదు" అన్నారు ఆయన.

"అవును తాతయ్యా. కానీ దాని మీద లారీ ఎక్కదు కదా" అంది.

ఆయన ఏమీ మాట్లాడలేదు. భోజనం దగ్గర కూడా మౌనమే. రాత్రి చాలాసేపు బాల్కనీలో లైటు వెలుగుతూనే ఉంది. వెళ్లి పలకరించాలనిపించింది గానీ ఆగాను. పొద్దున్న కాఫీ తాగుతూ మనవరాలిని పిలిచి, "ముప్పయ్యేళ్లు బస్సులకి బలం పెంచుతూనే ఉన్నాను. ఒక్కరోజు కూడా నన్నెవరూ బరువెంత అని అడగలేదు. ఇది నాకు కొత్త. ఎక్కడ తియ్యొచ్చో నువ్వు చెప్పు, ఎలా తియ్యాలో నేను చెబుతా" అన్నారు.

రెండో తోక పలకలతో కాకుండా సన్నటి బద్దలతో, వంతెనలకి ఉండే ఏటవాలు కమ్మీల్లా అల్లారు. పైన ఫిల్ము అంటించాక చేతులతో మెలితిప్పి చూస్తే మొదటిదానిలాగే బిగువుగా ఉంది. బరువు 285 గ్రాములు. పద్దులో ఆ అంకె రాసి కింద సంతకం పెట్టమని నాన్నగారు పట్టుబట్టారు. పెట్టాను. మొదటి తోక ఇప్పుడు ఆయన మంచం పక్కన గోడకి అరలా బిగించి ఉంది. కళ్లజోడు, మందుల డబ్బా దాని మీదే పెట్టుకుంటారు.

ఉప్పు ప్యాకెట్ల పరీక్ష

రెక్క మోస్తుందో లేదో ఎగరకముందే తెలియాలి. విమానం 60 డిగ్రీలు వాలి, ఎత్తు తగ్గకుండా మలుపు తిరిగితే రెక్క మీద భారం సరిగ్గా రెండింతలవుతుంది. ఇంకాస్త గట్టిగా లాగితే మూడింతలు. అందుకని మూడింతలు మోయాలని మా అమ్మాయి నిర్ణయించుకుంది. ఆరున్నరకి మూడింతలంటే సుమారు ఇరవై కిలోలు.

రెక్కని తిరగేసి, మధ్యభాగం మాత్రం ఆనేలా రెండు స్టూళ్ల మీద పెట్టారు. కిరాణా కొట్టు నుంచి కిలో ఉప్పు ప్యాకెట్లు ఇరవై తెచ్చారు. అటొకటి ఇటొకటి, లోపలి నుంచి కొసల దాకా సమానంగా పేర్చుకుంటూ వెళ్లారు. పద్నాలుగో ప్యాకెట్ దగ్గర కిర్రుమని శబ్దం వచ్చింది. అందరికీ గుండె ఆగినంత పనైంది. చూస్తే రెక్క కాదు, స్టూలు. స్టూళ్లు మార్చి మళ్లీ మొదలుపెట్టారు. ఇరవయ్యో ప్యాకెట్‌తో కొసలు మూడు సెంటీమీటర్లు వంగాయి. తీసేయగానే మళ్లీ యథాస్థానానికి వచ్చాయి. ఆ ఉప్పు ఇప్పటికీ వాడుతున్నాం.

ఇస్త్రీపెట్టెతో ఫిల్ము అంటించడం నా చేతికి వచ్చిన ఒకే ఒక్క నిర్మాణపు పని. పైన ఎరుపు, కింద తెలుపు. కింద ఒక రంగు, పైన ఇంకో రంగు ఉంటేనే దూరం నుంచి విమానం ఎటు వాలిందో తెలుస్తుంది. చివరి తూకం 6,640 గ్రాములు. పద్దుకి 140 ఎక్కువ. ఎక్కడ పెరిగిందో చూస్తే దాదాపు అంతా జిగురే. జిగురుకి బరువుంటుందని ఎవరికీ తోచదు.

"ఇవాళ వద్దు"

ఏప్రిల్ నెల. తొమ్మిదో తరగతి పరీక్షలు అయిపోయాయి. పదో తరగతి వేసవి క్లాసులు తర్వాతి సోమవారం మొదలవుతాయి. ఆ ఆదివారం ఎగరేయాలని అందరం అనుకున్నాం. ఖమ్మానికి ఇరవై కిలోమీటర్ల దూరంలో మా అమ్మగారి ఊళ్లో చెరువు వేసవిలో పూర్తిగా ఎండిపోతుంది. ఇళ్లకి, కరెంటు తీగలకి దూరంగా ఉన్న చోట అరవై మీటర్ల మేర ట్రాక్టర్ బ్లేడుతో చదును చేయించాం. సర్పంచ్ గారికి, పోలీసు స్టేషన్‌లో చెప్పాం. డిజిటల్ స్కై మ్యాప్‌లో ఆ చోటు ఆకుపచ్చ జోన్‌లో ఉందని చూసుకున్నాం.

మొదటిసారి ఎగరేసే పని మా అమ్మాయి తను తీసుకోలేదు. ఇంజనీరింగ్ కాలేజీలో పాఠాలు చెప్పే, ఏళ్ల తరబడి ఇలాంటి విమానాలు నడిపిన ఒక మాస్టారిని అడిగింది. "కట్టడం నాకు తెలుసు. కొత్త విమానాన్ని మొదటిసారి లేపడం ఆయనకి తెలుసు" అంది. ఆయన పొద్దున్నే ఐదున్నరకి వచ్చారు. మా పెదనాన్న, పిన్ని, వాళ్ల పిల్లలు, ఊళ్లోవాళ్లు ముప్పై మంది దాకా చేరారు. పులిహోర కూడా వచ్చింది.

ఎగరేసే ముందు రేడియో దూరపరీక్ష చేయాలి. ట్రాన్స్‌మిటర్‌లో సిగ్నల్ బలాన్ని బాగా తగ్గించే ఏర్పాటు ఉంటుంది. అది నొక్కి ముప్పై అడుగులు వెనక్కి నడిచి, రెక్కల మీద, తోక మీద కదిలే పలకలు చెప్పినట్టు కదులుతున్నాయో లేదో చూడాలి. మోటారు ఆపి చూస్తే బాగానే ఉంది. తోకని తాడుతో గుంజకి కట్టి మోటారు తిప్పి చూస్తే నిలువు తోక పలక రెండుసార్లు దానంతటదే చిన్నగా అదిరింది. మళ్లీ చూశారు. ఒకసారి అదిరింది, ఒకసారి అదరలేదు.

మా అమ్మాయి మోటారు ఆపి, బ్యాటరీ ప్లగ్గు పీకేసింది. "ఇవాళ వద్దు" అంది.

"ఇంత దూరం వచ్చాం కదే. ఒక్కసారి లేపి దించెయ్యండి" అన్నారు పెదనాన్న. వచ్చిన పిల్లల ముఖాలు వాడిపోయాయి. సోమవారం నుంచి క్లాసులన్న సంగతి దానికీ తెలుసు. ముఖం ఎర్రబడింది గానీ మాట మార్చలేదు. అందరికంటే ఎక్కువ ఎదురుచూసిన మా నాన్నగారు లేచి రెక్కల బోల్టులు విప్పడం మొదలుపెట్టారు. బ్రేకు అనుమానంగా ఉన్న బస్సుని ఆయన ఏనాడూ డిపో దాటనివ్వలేదు. మాస్టారు వెళ్లేటప్పుడు నాతో, "తను అనకపోతే ఆ మాట నేనే అనేవాణ్ణండి. తను అనడమే మంచిదైంది" అన్నారు. పులిహోర చెట్టు కింద తిని ఇంటికొచ్చేశాం.

ఇంట్లో వెతికితే కారణం దొరికింది. రిసీవరు యాంటెన్నా తీగలు కంట్రోలరు నుంచి వెళ్లే మందపాటి వైర్ల పక్కనే పడి ఉన్నాయి. వాటిని బాడీ వెనక భాగానికి మార్చి, ఒకదానికొకటి లంబంగా ఉండేలా అతికించింది. మోటారు తిప్పి మళ్లీ దూరపరీక్ష చేస్తే పదికి పదిసార్లూ కుదురుగా ఉంది. పద్దులో ఆ మార్పు కూడా ఎక్కింది: టేపు, 2 గ్రాములు.

స్విచ్ మీద వేలు

తర్వాతి ఆదివారం గాలి ఎక్కువగా ఉంది. వెళ్లలేదు. ఆ పై ఆదివారం పొద్దున ఆరింటికి చెరువులో ఆకు కదలడం లేదు. ఈసారి జనం లేరు, మేమే.

మాస్టారు మెల్లగా శక్తి పెంచారు. విమానం కొద్దిగా ఎడమకి లాగింది, ఆయన సరిదిద్దారు. ఇరవై మీటర్లు పరుగెత్తిందో లేదో చక్రాల కింద నుంచి దుమ్ము ఆగిపోయింది. లేచిందని మాకు అలా తెలిసింది. చుట్టూ తిరిగి తలల మీదుగా వెళ్తుంటే కింద తెలుపు, వాలినప్పుడు పైన ఎరుపు. తోక పలకని బటన్‌తో రెండు గీతలు కిందికి సర్దాక చేతులు వదిలేసినా నేరుగా వెళ్లింది. "మధ్యబిందువు సరిగ్గా కుదిరిందమ్మా" అన్నారు. ఆరు నిమిషాలకి దిగింది. మా నాన్నగారు వెళ్లి చక్రాల దగ్గర కూర్చుని తోకని పట్టుకుని చూశారు. అది వదులయిందేమోనని చూస్తున్నానన్నారు.

రెండో బ్యాటరీ మాస్టారే తెచ్చారు. ఈసారి రెండు ట్రాన్స్‌మిటర్లు కలిపారు. ఒకటి గురువు చేతిలో, ఒకటి శిష్యురాలి చేతిలో. గురువు ఒక స్విచ్ నొక్కి పట్టుకున్నంత సేపూ విమానం శిష్యురాలి మాట వింటుంది. వేలు తీసేస్తే ఆ క్షణమే గురువు చేతికి వచ్చేస్తుంది. తగినంత ఎత్తుకి వెళ్లాక ఆయన స్విచ్ నొక్కి, "నీదే" అన్నారు.

నేను విమానం కన్నా ఆ వేలినే ఎక్కువ చూశాను. రెండు మలుపులు బాగా తిప్పింది. మూడో మలుపులో ముక్కు దిగడం మొదలైంది. ఆయన వెంటనే వేలు తియ్యలేదు. "ముక్కు చూడు" అని మాత్రం అన్నారు. ఒక సెకను ఆగారు. తను లాగింది, సర్దుకుంది. ఇంకోసారి మాత్రం బాగా వాలిపోతుంటే మాట్లాడకుండా వేలు తీసి, సరిచేసి, మళ్లీ నొక్కి, "నీదే" అన్నారు. కోప్పడలేదు, పాఠం చెప్పలేదు. ఎంత ఎత్తులో ఉంటే ఎంతసేపు ఆగొచ్చో ఆయనకి తెలుసు. ఆ ఎత్తు లెక్క మనకీ తెలిస్తే పిల్లల్ని పెంచడం ఎంత తేలికయ్యేదో అనుకున్నాను. ఏడో విమానయానానికి, అంటే మరో మూడు వారాలకి, తనే దించింది.

మూడు జవాబులు

ఎంతయింది? పద్నాలుగు నెలల్లో 61,000 రూపాయలు. రేడియో, రిసీవరు 16,000. మోటారు, కంట్రోలరు 13,000. బ్యాటరీ 9,000, ఛార్జరు 4,000. సర్వోలు 7,000. కర్ర, ఫిల్ము, జిగురు, చక్రాలు 12,000. ఒకేసారి పెట్టలేదు, నెలనెలా కొన్నాం. ఇందులో చాలాభాగం ఇంకో విమానానికీ పనికొస్తుంది.

ఎగిరిందా? ఎగిరింది.

చదువు పాడయిందా? పరీక్షల ముందు మూడేసి వారాలు విమానం బీరువా పైకెక్కేది, మిగతా రోజుల్లో ఆదివారం మూడు గంటలు, వారంలో రెండు సాయంత్రాలు. ఈ విమానం వల్ల మార్కులు పెరిగాయని చెప్పను. పెరగలేదు, తగ్గలేదు. కానీ లెక్క తప్పినప్పుడు జవాబు చూసి పేజీ తిప్పేసే పిల్ల, ఇప్పుడు ఎక్కడ తప్పిందో పక్కన రాసుకుంటోంది. అది చాలు నాకు.

మీ ఇంట్లో మొదలుపెట్టాలనుకుంటే

– ముందు సిమ్యులేటర్, తర్వాత చిన్న ఫోమ్ విమానం. పెద్దది మూడో మెట్టు.

– తిరుగుతున్న ప్రొపెల్లర్ ముందుగానీ పక్కనగానీ ఎవరూ నిలబడకూడదు. ఇంట్లో పరీక్షించేటప్పుడు ప్రొపెల్లర్ తీసేయాలి. దాంతో తిప్పి చూడాల్సి వస్తే ఆరుబయట, తోక కట్టేసి, పెద్దవాళ్లు దగ్గరుండగానే.

– లిథియం బ్యాటరీని ఎవరూ లేకుండా ఛార్జింగ్‌కి పెట్టొద్దు. సెల్‌కి 4.2 వోల్టులు దాటకూడదు. నిలవ ఉంచేటప్పుడు 3.8 దగ్గర ఉంచాలి. ఉబ్బిన బ్యాటరీని మళ్లీ వాడొద్దు. మేం ఛార్జింగ్ చేసేది ఇసుక పోసిన మట్టి మూకుడులో, వరండాలో.

– 2021 డ్రోన్ నిబంధనల్లో, చదువు కోసం, వినోదం కోసం కంటికి కనిపించే దూరంలో ఎగరేసే 25 కిలోల లోపు మోడల్ విమానాల ప్రస్తావన విడిగా ఉంది. ఆకుపచ్చ జోన్‌లో ఎత్తు పరిమితి 400 అడుగులు, విమానాశ్రయాల దగ్గర ఇంకా తక్కువ. వెళ్లే ముందు మ్యాప్, అప్పటికి అమల్లో ఉన్న నిబంధనలు తప్పక చూసుకోండి. జనం మీదుగా ఎప్పుడూ ఎగరేయొద్దు.

– తెలిసినవాళ్ల సాయం అడగడానికి పిల్లలు మొహమాటపడతారు. మీరు అడిగిపెట్టకండి, పక్కన నిలబడి వాళ్ల చేతే అడిగించండి.

– ఒక వంటింటి తూకం, ఒక పద్దు పుస్తకం కొనండి.

– ఇంట్లో ఖాళీగా కూర్చున్న తాతయ్యో, నాయనమ్మో ఉంటే కలుపుకోండి. వాళ్ల చేతుల్లో ఏ పనితనం ఉందో మనం అడిగి చాలా ఏళ్లయి ఉంటుంది.